ఎడమ కొస మనిషి

ప్రెస్సు వెనక గది, సోమవారం

అక్కా,

నీ చోటు దొంగిలించారు. దొంగిలించింది వేరెవరో కాదు, నువ్వు నెత్తిన పెట్టుకున్న ఆ డాన్సు టీచర్. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు.

జరిగింది చెబుతాను. మన కాలనీ హాల్లో వచ్చే నెలాఖరుకి ఫిల్మోత్సవం పెడుతున్నారని కిందటి ఉత్తరంలో రాశాను కదా. మొదటి రోజు మొదటి ఆట మీ డాన్సు మీద తీసిన డాక్యుమెంటరీయే. ఒకావిడ కెమెరా భుజాన వేసుకుని మీ రిహార్సల్స్ చుట్టూ తిరిగేది చూడు, ఆ కెమెరా ఆవిడ తీసిందే. నిన్న కమిటీ వాళ్లూ, నాలాంటి వాలంటీర్లూ కూర్చుని ముందుగా వేసి చూసుకున్నాం. కూర్చుని అన్నాను గానీ నేను కూర్చోలేదు. స్పీకరు వైరు వదులైపోయి ఒకటే గరగర. ఎవరో ఒకరు వేలితో నొక్కి పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే కదా. తెర వెనక, స్టేజీ మీద, వైరు పట్టుకుని నిలబడే మొత్తం చూశాను. పలచటి గుడ్డ కాబట్టి బొమ్మ ఇవతలకి కూడా శుభ్రంగా పడింది. అందరికంటే దగ్గర నుంచి చూసింది నేనే. మొదట్లో వేసే టైటిళ్లు కూడా ఒక్క అక్షరం వదలకుండా చదివాను.

మీ ముసుగుల ఆట వచ్చింది. ఎనిమిది మంది, ఒకే వరస, ఒకే రకం తెల్ల ముసుగు, ఒకే నల్ల బట్టలు. మొహాలు తెలియవు. నిలబడ్డ చోటుని బట్టే మనిషి. చూసేవాళ్లకి ఎడమ కొస నీది, కుడి కొస టీచర్ కూతురిది. ముసుగుల వెనక ఎవరెవరో కమిటీ వాళ్లకి తెలియదు, మీ రిహార్సల్సుకి వచ్చే నాకు తెలుసు. నేను ఎడమ కొసనే చూస్తున్నాను. కెమెరా కూడా మాటిమాటికీ ఆ కొసకే వెళ్తోంది. ఎంత బాగా ఆడుతోంది మా అక్క అనుకున్నాను. ఆట అయింది. ముసుగులు తీశారు. ఎడమ కొస మనిషి కూడా తీసి, కెమెరా వైపు చూసి నవ్వింది.

టీచర్ కూతురు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్ను తీసేసి, తన కూతుర్ని నీ చోట్లో పెట్టి, మళ్లీ తీయించుకుందన్నమాట. ఖాళీ అయిన కుడి కొసలో ఎవరినో తెచ్చి నింపింది. ఆవిడకి తాళమే తెలియదు. అందరూ వంగితే ఆవిడ లేస్తుంది, అందరూ తిరిగితే ఆవిడ కొయ్యలా నిలబడుతుంది. చివరికి ఆట మధ్యలోనే వరస వదిలేసి, బస్సు తప్పిపోయిన మనిషిలా పక్కకి నడుచుకుంటూ పోయింది. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. ముసుగులు తీశాక తలుచుకుంటే, పరాయి చోటు కొట్టేసి కట్టిన ఆటకి ఆ మాత్రం శాస్తి జరగాలనిపించింది.

నువ్వు ఆ డాన్సు ఎందుకు మానేశావో ఇంతవరకూ చెప్పలేదు. ఫోను చేస్తే “ఆఁ, సరే, ఉత్తరం రాయి” అని పెట్టేస్తావు. అమ్మేమో “దానికి పొగరు. ఇంట్లో ఉన్నప్పుడే వంటింట్లోంచి పదిసార్లు పిలిస్తే ఒకసారి పలికేది. ఇప్పుడు ఊరు దాటాక పలుకుతుందా” అంటోంది. ఇప్పుడు నాకు అర్థమైంది. నిన్ను వెళ్లగొట్టారు, నువ్వు చెప్పుకోలేకపోయావు.

నేను చెబుతాను. ఈ ప్రెస్సులో ఊరి వాళ్ల కరపత్రాలన్నీ అక్షరం అక్షరం పేర్చేది నేనే. ఎవరెవరి అన్యాయాలో పేర్చిన చేతులు, సొంత అక్కకి జరిగిన అన్యాయం పేర్చలేవా? వెంటనే రాయి.

నీ తమ్ముడు


కళ్లద్దాల ఫ్యాక్టరీ హాస్టలు, మేడ మీది గది

చిన్నా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

ముందు ఆ కరపత్రం సంగతి కట్టిపెట్టు. నా చోటు ఎవరూ దొంగిలించలేదు. నేనే వదిలేశాను. వదిలేసిన చోట ఎవరు నిలబడితే నీకేం, నాకేం. పేర్చడానికి అక్షరాలు ఉన్నాయి కదా అని ప్రతిదీ అన్యాయం అయిపోదు.

ఇక్కడ పని బాగానే ఉంది. అద్దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని గీత ఉందా, బుడగ ఉందా అని చూడటం. మాటలతో పనిలేదు, కళ్లుంటే చాలు. మా సూపర్‌వైజరు వేలు పైకెత్తితే బాగుందని, కిందికి దించితే పారేయమని. ఇంత హాయిగా ఉండే పైఅధికారి ఎవరికి దొరుకుతుంది.

కొన్ని సంగతులు అడుగుతాను. ఊరికే, తెలుసుకుందామని. ఆ కుడి కొస ఆవిడ వరస వదిలి వెళ్లేటప్పుడు ముసుగు ఉందా, తీసేసిందా? కింద నేల ఎలా కనిపించింది, ఉత్త చెక్కేనా, మీద ఏమైనా పరిచి ఉందా? ఆ రోజు టీచర్ హాల్లో ఉందా? నవ్వినవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారా?

టీచర్ నీతో ఏమైనా చెప్పిందా? నా గురించి అని కాదు. ఏదైనా. చెప్పి ఉంటే దాచకుండా రాయి.

అమ్మ పొగరు అన్నందుకు నాకేం కోపం లేదు. పొగరే అనుకోనీ. అదే నయం.

అక్క


ప్రెస్సు, భోజనాల వేళ

అక్కా,

నీ ఉత్తరం చదివాక నాకు అనుమానం పోలేదు, పెరిగింది. నీ చోటు పోయిందంటే నీకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ తాళం తెలియని ఆవిడ ముసుగు గురించి మాత్రం పోలీసు వాళ్లలా ప్రశ్నలు. సరే, జవాబులు తీసుకో. ముసుగు తీయలేదు. నేల మీద నల్లటి రబ్బరు పట్టా పరిచి ఉంది, గోడ నుంచి గోడ దాకా. ఆడవాళ్లూ నవ్వారు. టీచర్ హాల్లోకి రాలేదు. ఆట నడిచినంతసేపూ బయట మెట్ల మీద కూర్చుంది. తప్పు చేయని మనిషి తన ఆట తను చూసుకోకుండా మెట్ల మీద ఎందుకు కూర్చుంటుంది? నాకు చెప్పు.

మొన్న ఆవిడ ఇంటికే వెళ్లాను. కూతురు ఇస్త్రీ చేస్తోంది, ఈవిడ ముసుగులకి రంగు వేస్తోంది.

“మీ అమ్మాయి ఎడమ కొసకి ఎప్పుడు మారిందండీ?” అన్నాను.

“మారలేదు. అది ఎప్పుడూ కుడి కొసే.”

“ఫిల్ములో ఎడమ వైపు ఉంది. నా కళ్లతో చూశాను.”

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచర్ కుంచె కింద పెట్టి, “మీ అక్కకి రాశావా?” అంది.

“రాశాను.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు.”

“అయితే నేనూ ఏమీ అనను బాబూ. టీ తాగుతావా?”

చూశావా. మాట దాటేయడం ఎంత సాఫీగా వచ్చో. టీ తాగలేదు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు.

అక్కణ్నుంచి మందుల షాపుకి పోయాను. ఫిల్మోత్సవం సెక్రటరీ ఆ షాపాయనే. రీలు డబ్బా షాపులో అద్దాల బీరువాలో, దగ్గు మందుల వెనక పెట్టి తాళం వేసుకున్నాడు. ఇంకోసారి చూస్తాను, తీయండి అన్నాను. “దగ్గు మందుకైతే డాక్టరు చీటీ ఉండాలి. ఫిల్ముకైతే కమిటీ తీర్మానం ఉండాలి. నీ దగ్గర ఏదుంది?” అన్నాడు. అక్కడ నిలబడ్డ వాళ్లంతా నవ్వు. ప్రజల కళని బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు మీకెవరిచ్చారు అని అడిగాను. “బీరువా నాది నాయనా” అన్నాడు.

కెమెరా ఆవిడ ఊళ్లో లేదట. ఎక్కడో కొండల్లో ఇంకో సినిమా తీస్తోందట. అందరూ ఒక్కసారే మాయమయ్యారు, ఒక్కసారే నీళ్లు నములుతున్నారు. ఇప్పుడు నువ్వు కూడా. అక్కా, కోపం తెచ్చుకోకు, అడగక తప్పదు. నిన్ను ఏమని బెదిరించారు? ఆ ఫ్యాక్టరీ ఉద్యోగం ఇప్పించింది టీచర్ వాళ్ల చెల్లెలేనని అమ్మ అంటోంది. నిజమేనా? నోరు మెదపనంటేనే ఇప్పించారా?

కరపత్రం రాసేశాను. పేర్చడం కూడా సగం అయింది. శీర్షిక: “ఎడమ కొస ఎవరిది?” ఫోర్‌మన్ చూసి “ఎవరి ఆర్డరురా ఇది?” అన్నాడు. “మా అక్కది” అన్నాను.

తమ్ముడు


హాస్టలు

చిన్నా,

నాది కాదు ఆ ఆర్డరు. నేను ఇవ్వలేదు.

ఉద్యోగం టీచర్ వాళ్ల చెల్లెలు ఇప్పించిన మాట నిజం. నేను అడిగితే ఇప్పించింది. బెదిరించడానికి ఆవిడ దగ్గర ఏముందిరా, ముసుగులూ రంగు డబ్బాలూ తప్ప? ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టుకోలేదని గొప్పగా రాశావు. మనిద్దరం స్కూలు నుంచి వచ్చాక అమ్మ షిఫ్టు అయ్యేదాకా ఎవరింట్లో తిన్నామో గుర్తులేదా? అప్పుడు రెండోసారి పెట్టమని అడిగింది నువ్వే.

అది అచ్చు వేయకు. ఎందుకని అడగకు. అక్కని, చెబుతున్నాను, అంతే. నీ పుస్తకాల్లో అక్కల మాట వినకూడదని ఎక్కడైనా రాసుందా?

నువ్వు తెర వెనక నుంచే చూశావు కదూ. మళ్లీ చూడలేదు కదూ. ముందు వైపు కూర్చుని ఒకసారి చూసేదాకా నోరు విప్పకు. ఇంతకంటే రాయలేను. రాయను.

అక్క


ప్రెస్సు, ఆదివారం, ఎవరూ లేరు

అక్కా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. కరపత్రం ముందే వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం షిఫ్టు మారే వేళకి పంచాను. మగ్గాల షెడ్డు గేటు దగ్గర, బస్టాండులో, బడి ముందు. నువ్వు అన్నేళ్లు పనిచేసిన షెడ్డు వాళ్లు గేటు దగ్గరే నిలబడి చదివారు. “పాపం, బంగారం లాంటి పిల్లని తరిమేశారా” అన్నారు. నాకు ఛాతీ పొంగింది. నిజం చెబుతున్నాను, పొంగింది.

నిన్న పొద్దున చూస్తే టీచర్ ఇంటి తలుపు మీద ఎవరో బొగ్గుతో రాశారు. ఒకే మాట. దొంగ అని. అది నేను రాయలేదు. నేను రాసేది అచ్చులో రాస్తాను, చాటుగా గోడల మీద కాదు. డాన్సు క్లాసుకి పిల్లల్ని పంపడం మానేశారు. ఆవిడ హాలు తాళంచెవి తెచ్చి కమిటీకి ఇచ్చేసి, ఇక క్లాసు లేదు అని చెప్పి వెళ్లిపోయిందట. నన్ను తిట్టలేదు, కమిటీ మీటింగుకి రాలేదు, ఒక్క ముక్క జవాబు చెప్పలేదు. జవాబు లేకనే చెప్పలేదని నేనంటాను. కానీ ఆ కూతురు రోడ్డు మీద ఎదురుపడితే తల దించుకుంటుందనుకున్నాను. దించుకోలేదు. ఆగి, నా మొహంలోకి చూసి, “మీ అక్క ఎలా ఉంది?” అంది. అంతే. ఆ అడగడంలో ఏదో ఉంది. నాకు అది నచ్చలేదు.

అమ్మ కూడా కరపత్రం చదివింది. చదివి, మడిచి, పొయ్యి పక్కన పెట్టి, “దాన్ని ఎవరూ తరమలేదురా. అదే వచ్చి గదిలో తలుపేసుకుంది. నేను తలుపు బాదుతుంటే తీయలేదు” అంది. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే తనకీ తెలియదంది.

సెక్రటరీ నన్ను పిలిపించాడు. “ఈ గొడవంతా ఆ ముసుగుల ఆట గురించే కదా. గొడవ ఉన్న ముక్క తీసేస్తే గొడవే ఉండదు. కమిటీ అనుకుంది, ఆ ఆట మొత్తం కత్తిరించి మిగతాది వేస్తాం. తృప్తేనా?” అన్నాడు. తృప్తే అని అనబోయాను. నోటిదాకా వచ్చింది, అనలేదు. ఎందుకంటే నీ ఉత్తరం జేబులో ఉంది. తెర వెనక నుంచే చూశావు కదూ అని ఎందుకు అడిగావు? వెనక నుంచి చూస్తే ఏమవుతుంది? మీరంతా నా దగ్గర ఏం దాస్తున్నారు?

తమ్ముడు


హాస్టలు, మేడ మెట్ల మీద

చిన్నా,

దొంగ అని రాసింది నువ్వు కాకపోవచ్చు. ఆ బొగ్గు వాళ్ల చేతికిచ్చింది నీ కరపత్రం. ఆవిడ అంత మాట పడి కూడా పెదవి విప్పలేదంటే, వరసలో మిగతావాళ్లని కూడా విప్పనివ్వలేదంటే, నాకిచ్చిన మాట కోసం. అందుకని నేనే విప్పుతున్నాను.

పలచటి గుడ్డకి వెనక నిలబడి చూస్తే కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఎవరైనా అయితే టైటిళ్లు పడగానే, ఇదేంటి, అక్షరాలు తిరగబడి ఉన్నాయి అనుకుని నవ్వుకునేవాళ్లు. నువ్వు పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా అచ్చుకి పేర్చే తిరగబడ్డ సీసం అక్షరాలే చదువుతావు. నీకు అవే తిన్నగా కనిపిస్తాయి. ఒక్క అక్షరం వదలకుండా చదివానని రాశావు చూడు, అక్కడే నాకు తెలిసిపోయింది.

టీచర్ కూతురు తన చోట్లోనే ఉంది. ఎప్పటిలాగే కుడి కొసన.

ఎడమ కొసన ఉన్నది నేను. వంగాల్సినప్పుడు లేచినది నేను. బస్సు తప్పిపోయిన మనిషి నేను. నువ్వు నవ్వింది నన్ను చూసి.

తెలియక నవ్వావులే. నేను తడబడటం నువ్వెప్పుడూ చూడలేదు, నడక పోల్చుకోలేకపోయావు. మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. చెబుదామని కలం పట్టుకున్నాను. హాలంతా నవ్వు, నేనూ నవ్వాను అన్న చోట కళ్లు ఆగిపోయి, ముసుగు ఉందా లేదా అని అడిగాను. ముసుగు ఉంటే ఎవరికీ తెలియదు కదా, అలాగే పోనీ అనుకున్నాను.

నాకు చెవులు వినిపించవురా. మగ్గాల షెడ్డు మోతకి ముందు కుడి చెవి పోయింది, తర్వాత ఎడమది మెల్లగా. ఇప్పుడు ఎడమ చెవికి ఎవరైనా ఆనుకుని అరిస్తే గాలి తగులుతుంది, అంతే. అమ్మ పిలిస్తే పలక్కపోవడం పొగరు కాదు. ఫోనులో నువ్వు మాట్లాడావా, ఊరుకున్నావా కూడా తెలియదు. ఊహించుకుని “సరే” అంటాను. ఒకసారి నువ్వేం చెప్పావో, నేను సరే అనగానే పెట్టేశావు. వారం తర్వాత అమ్మకి ఒంట్లో బాగాలేదన్న ఉత్తరం వచ్చింది. ఫోనులో చెప్పింది అదేనేమో. అప్పటినుంచీ ఉత్తరం రాయి అంటున్నాను.

టీచర్‌కి మొదట్లోనే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెవిటిదని తెలిస్తే వరసలోంచి తీసేస్తారని నా భయం. ఆవిడ తీయలేదు. చెప్పులు విప్పించి చెక్క నేల మీద నిలబెట్టింది. డప్పు నేలకి ఆనించి వాయించమంది. ఆ దెబ్బ చెక్కలోంచి అరికాలికి వస్తుంది. దాంతోనే అన్నాళ్లూ ఆడాను. ఒక్కసారి తాళం తప్పానా? నువ్వే చెప్పు.

ఫిల్ము తీసేరోజు, అడుగుల చప్పుడు మైకులో పడుతోందని కెమెరా ఆవిడ రబ్బరు పట్టా తెప్పించి పరిపించింది. ఆవిడకి నా సంగతి తెలియదు, తప్పు ఆవిడది కాదు. టీచర్ వద్దంది. ఎందుకు వద్దో చెప్పలేక నా వైపు చూసింది. నేను పరవాలేదు అన్నట్టు తల ఊపాను. అదే నేను చేసిన పని. రబ్బరు మీద నాకు ఏమీ అందలేదు. పక్కమనిషిని చూసి ఆడదామంటే ముసుగుకి పక్కల కళ్లు లేవు. అందరూ ఎక్కడున్నారో, నేను ఎక్కడున్నానో తెలియలేదు. ఇంకా నిలబడితే పక్కవాళ్లని కూడా చెడగొడతానని, నా అంతట నేనే నడిచి వెళ్లిపోయాను. తర్వాత ఎంత పిలిచినా మళ్లీ రాలేదు. టీచర్ మెట్ల మీద కూర్చుందన్నావు. ఆవిడ దాన్ని ఇంకోసారి ఎలా చూస్తుంది?

ఇది అమ్మకి కాగితం మీద చదివి వినిపించకు. ఎదురుగా కూర్చుని చెప్పు. ముందు టీచర్ దగ్గరికి వెళ్లు. నాకు జాలి ఉత్తరం రాయకు. రాస్తే చింపేస్తాను.

అక్క


ప్రెస్సు

అక్కా,

జాలి ఉత్తరం కాదు. ఏమేం జరిగిందో అది మాత్రమే రాస్తున్నాను. మిగతాది నువ్వు వచ్చాక నా మొహం చూసి చదువుకో.

టీచర్ తలుపు కడిగాను. బొగ్గు పోయింది గానీ కింద రంగు కూడా లేచిపోయింది, మచ్చ పడింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉంది, ఆపలేదు. అయ్యాక బయటికొచ్చింది.

“తెలిసిందా?” అంది.

“తెలిసింది. తప్పైంది టీచర్.”

“నోటితో తప్పైందంటే నాకేం లాభం? నన్ను దొంగన్నది నోటితో కాదుగా. అచ్చు వేసింది అచ్చులోనే తియ్యి.”

“తీస్తాను. కానీ అది తీయాలంటే అక్క సంగతి చెప్పాలి.”

“అయితే దాన్ని అడుగు. అది వద్దంటే నువ్వు తీయక్కర్లేదు, నేను దొంగగానే ఉంటాను. నాకు అలవాటైపోయింది.” ఆ ఆఖరి మాట నవ్వుతూ అంది. ఆవిడ నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

అమ్మకి చెప్పాను. లేచి వంటింట్లోకి వెళ్లి అక్కణ్నుంచి నన్ను పిలిచింది. పలికాను. మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాను. తర్వాత కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. సెక్రటరీ దగ్గరికి పోయి, కరపత్రం తప్పు, ఆట కత్తిరించొద్దు అన్నాను. ఎందుకు తప్పో చెప్పమన్నాడు. చెప్పలేకపోయాను. “ఇదిగో, నీకే తెలియదు” అన్నాడు. కెమెరా ఆవిడ ఫోను చేసి, నా ఫిల్ముని ముట్టుకోవద్దు అందట. ఆవిడ ఫోను కొండల్లో ఉంది, కత్తెర ఇక్కడుంది. శనివారం ఆరింటికి ఆట. దానికి ముందే కోసేస్తారు. ఆ ఆటంతా ఏకబిగిన తీసింది, మధ్యలో అతుకు లేదు. తీస్తే మొత్తం పోతుంది. నువ్వు ఆ ఫిల్ములో ఇంకెక్కడా లేవు.

ఒకవేళ నువ్వు అదే కోరుకుంటే చెప్పు. నవ్వులు ఇంకోసారి పడాలని నేను అనను. ఈసారి నేను ఏదీ నీకోసం అనుకోను. నువ్వు అన్నదే చేస్తాను. మొదటిసారి నీ మాట వింటున్నాను, కొంచెం కష్టంగానే ఉంది.

తమ్ముడు


హాస్టలు

చిన్నా,

కోయొద్దు.

నీ ఉత్తరం చదివి నిన్నంతా అద్దాలు సరిగ్గా చూడలేకపోయాను. గీత ఉన్న అద్దం ఒకటి మంచివాటిలో పెట్టాను. సూపర్‌వైజరు నా భుజం తట్టి తీసి చూపించింది. రెండేళ్లలో మొదటిసారి.

సగం మనసు కోసేయమనే అంది. కోసేస్తే ఎవరూ నవ్వరు. కానీ నేను బాగా ఆడిందీ అందులోనే ఉంది, తడబడక ముందు. అది నేను చూసుకోలేదు. నా పరువు కాపాడటానికి కత్తిరిస్తున్నాం అని వాళ్లు అంటారు చూడు, ఆ పరువు నాది కదా, నన్ను ఒక మాట అడగాలి కదా. నేను తడబడ్డాను, ఆగాను, నడిచి వెళ్లాను. ఎవరూ తోయలేదు. అది కోసి పారేయాల్సిన పని కాదు.

అచ్చు వేయి. చెవుల సంగతి వేయి. నా పేరు వద్దు, కాలనీలో ఎవరికి తెలియదు గనక. టీచర్ పేరు మీద పడ్డది మాత్రం పెద్ద అక్షరాల్లో తీసేయి. నీ భాష కాస్త తగ్గించు, “ప్రజా ద్రోహులు” వగైరా వద్దు. సెక్రటరీ మంచివాడే. అమ్మకి జ్వరం వచ్చినప్పుడు మందులు ఇంటికి తెచ్చిచ్చిన మనిషి.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. బస్టాండులో వెనక నుంచి పిలవకు, ఎదురుగా రా.

అక్క


ప్రెస్సు, గురువారం. కాలనీ వాళ్లందరికీ

అమ్మలకీ, అయ్యలకీ, మగ్గాల షెడ్డులో మూడు షిఫ్టుల వాళ్లకీ,

రెండు వారాల కిందట శుక్రవారం ఇదే చేత్తో మీకొక కాగితం ఇచ్చాను. అందులో డాన్సు టీచర్ మా అక్క చోటు దొంగిలించిందని అచ్చు వేశాను. అది అబద్ధం. టీచర్ దేనినీ దొంగిలించలేదు. నేను తెర వెనక నుంచి తిరగబడ్డ బొమ్మ చూసి, కుడిని ఎడమ అనుకుని, మీ చేతికి ఆ అబద్ధం ఇచ్చాను. ఆ కాగితం ఇంట్లో ఉంటే చింపేయండి. ఆవిడ తలుపు మీద బొగ్గుతో రాసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. రాసినవాళ్లకి తెలుసు. ఆ తలుపుకి కొత్త రంగు వేయాలి.

ఫిల్ములో ఆట మధ్యలో వరస వదిలి నడిచి వెళ్లిన మనిషి మా అక్క. ఆమెకి చెవులు వినిపించవు. మీలో చాలామంది పనిచేసే షెడ్డులోనే అవి పోయాయి. పక్కనున్న మనిషి ఎవరైనా పిలిస్తే పలకడం తగ్గించారేమో, మీ ఇంట్లోనే చూసుకోండి. నేల అదురుని బట్టి ఆమె అన్నాళ్లు ఆడింది. ఆ రోజు నేల మీద రబ్బరు పరిచారు. అందుకే తడబడింది. చూసి నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆ ఆటని ఫిల్ములోంచి కోసేయాలని కమిటీ అనుకుంటోంది. గొడవ వద్దనే అనుకుంటున్నారు, చెడు ఉద్దేశం లేదని మా అక్క రాయమంది, రాశాను. నా మటుకు నేను అనేది ఇది. ఎవరి ఆటని కోస్తున్నారో ఆ మనిషిని అడగకుండా కత్తెర పట్టడం అన్యాయం. మంచివాళ్లు చేసినా అన్యాయమే. కోయొద్దని ఆమే అంటోంది. ఆ మాట కమిటీ ఆమె నోటినుంచే వినాలి, మనమంతా పక్కన నిలబడాలి.

ఆట ఆరింటికి. రీలు డబ్బా మందుల షాపు నుంచి హాలుకి ఐదింటికి వస్తుంది. కోసే టేబులు హాలు వెనక గదిలో ఉంది. దానికంటే ముందు మనం అక్కడ ఉండాలి. కేకలు వద్దు, తోపులాటలు వద్దు, వచ్చి నిలబడితే చాలు. మా అక్కతో మాట్లాడాలనుకునేవాళ్లు ఆమె ఎదురుగా నిలబడి, మెల్లగా, పెదవులు కనిపించేలా మాట్లాడండి. టీచర్ వస్తానంది. షిఫ్టులో ఉన్నవాళ్లు ఒక గంట ముందు అడిగి రండి, పిల్లల్ని చంకనేసుకుని రండి. శనివారం సాయంత్రం నాలుగున్నరకి, హాలు మెట్ల దగ్గరికి, అందరూ రండి.